ఆ బూడిద ఏ పొయ్యిలోది?

ప్రశ్న: నమస్తే. మాది కర్నూలు. నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తారు. ఆయన మా మేనత్త కొడుకే, కాబట్టి ఇంట్లో నా మాట కొంచెం చెల్లుతుంది. బాబు ఇంటర్ పరీక్షలు రాశాడు. పాస్‌పోర్టులు వచ్చి రెండేళ్ళైనా వాటి మీద ఒక్క ముద్ర కూడా పడలేదు. ఈ వేసవి సెలవుల్లో ఎక్కడికైనా పోదామని నాలుగు లక్షలు పక్కన పెట్టాం. దుబాయ్, సింగపూర్ మా స్టాఫ్‌రూమ్‌లో అందరూ చూసొచ్చారు. వాళ్ళ ఫోటోలు చూసీ చూసీ నాకే వెళ్ళొచ్చినట్టుంది. నలుగురూ చూడని చోటు చూడాలని నా కోరిక. మావాడు ఫోన్లో 'ప్రపంచంలోని వింత ప్రదేశాలు' అనే వీడియోలు చూసి తుర్క్‌మెనిస్తాన్‌లో మండే గొయ్యికి పోదామంటాడు, అది కాకపోతే వియత్నాంలో పెద్ద గుహకి అంటాడు. మా ఆయనేమో "బెలుం చూసినోళ్ళం, ఇంక ఏ గవి చూస్తాం" అంటారు. మా మామకు డెబ్భై ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. తుగ్గలి వైపు మనిషి, వయసులో ఉన్నప్పుడు తొలకరికి వజ్రాల కోసం చేలల్లో తిరిగినవాడు. ఆయన్ని ఒక్కణ్ణే ఇంట్లో వదిలిపోలేం. నేనూ మామా మాంసం తినం. భాష రాని దేశంలో ఏమైనా అయితే ఎట్లా అని ఒకటే టెన్షన్. ఎక్కడికి వెళ్ళమంటారు?
- ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: అమ్మా, ముందు మీవాడి వీడియోల సంగతి తేల్చేద్దాం, లేకపోతే వాడు ఈ ఉత్తరం చివరిదాకా చదవనివ్వడు.

మండే గొయ్యి నిజమే. కారకుమ్ ఎడారి నడుమ, దర్వాజా అనే చోట దాదాపు 70 మీటర్ల వెడల్పు గుంట. సోవియట్ రోజుల్లో గ్యాస్ కోసం తవ్వుతుంటే నేల కుంగిందని, 1971లో మంట పెట్టారని చెప్తారు. రాజధాని అష్గబత్ నుంచి 260 కిలోమీటర్లు ఎడారిలో పోవాలి. ఆ దేశం వీసా కావాలంటే అక్కడి ఏజెన్సీ చేత ఆహ్వాన పత్రం తెప్పించుకోవడం ఇన్నాళ్ళ ఆనవాయితీ. 2022లో ఆ దేశాధ్యక్షుడే దాన్ని ఆర్పే దారి చూడమన్నాడు, ఈమధ్య మంట బాగా తగ్గిందని అక్కడి అధికారులే చెప్పారు. వీడియోలో ఉన్నది పాత మంట. అయినా, మే నెలలో కర్నూలు వదిలిపెట్టి ఖర్చు పెట్టుకుని మంట చూడటానికి పోతారా తల్లీ?

వియత్నాం గుహ సంగతి తర్వాత చెప్తాను, అది మీ ఇంటాయనతో మాట్లాడాల్సిన విషయం.

మీకు నేను చెప్పాలనుకున్నది ఒకే ఒక చోటు. దానికి దారి బనగానపల్లె నుంచి మొదలవుతుంది.

జ్వాలాపురం పేరు మీరు వినే ఉంటారు. యాగంటికి పోయేవాళ్ళు ఆ పక్కనుంచే పోతారు గానీ ఎవరూ ఆగరు. అక్కడ జుర్రేరు వాగు లోయలో, చేల కింద, తెల్లగా బూడిద రంగులో ముగ్గుపిండిలా మెత్తటి పొర ఒకటి ఉంది. కొన్ని చోట్ల రెండు మీటర్లకు పైగా మందం. ఊరివాళ్ళకు అది కొత్తేం కాదు, తవ్వి అమ్ముకున్నారు కూడా. గిన్నెలు తోమే పొడిలోకి పోయేది. అది మన నేలలో పుట్టిన మట్టి కాదు. ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో, టోబా అనే అగ్నిపర్వతం దాదాపు 74,000 ఏళ్ళ కిందట పేలినప్పుడు గాల్లో ఎగిరి, బంగాళాఖాతం దాటి, రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా కొట్టుకొచ్చి మన పల్లెల మీద పడిన బూడిద. నేరుగా పడింది కొన్ని సెంటీమీటర్లే, మిగతాది చుట్టూ గుట్టల మీద పడినది. వానకు కొట్టుకొచ్చి పల్లంలో పేరుకుంది. గత ఇరవై లక్షల ఏళ్ళలో భూమ్మీద అంత పెద్ద పేలుడు ఇంకొకటి లేదంటారు. అప్పుడు పైకి లేచిన పదార్థం 2,800 ఘన కిలోమీటర్లని ఒక లెక్క. ఆ అంకె ఊహకు అందదు, అందాలని ప్రయత్నించకండి కూడా.

మీరు సోషల్ టీచరు కాబట్టి ఇంకో మాట. మైఖేల్ పెట్రాగ్లియా, రవి కొరిసెట్టర్ అనే పురావస్తు పండితుల బృందం జ్వాలాపురంలో తవ్వి, 2007లో 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం వేసింది. టోబా పేలాక ఏళ్ళ తరబడి చలి ముదిరి మనిషి జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయిందని అప్పటికి ఒక వాదం గట్టిగా నడుస్తోంది. వీళ్ళకు బూడిద పొర కింద రాతి పనిముట్లు దొరికాయి. పైన కూడా దొరికాయి. రెండూ ఇంచుమించు ఒకే తీరువి. అంటే బూడిద పడక ముందు ఆ లోయలో రాళ్ళు చెక్కుకున్న చేతివాటమే పడ్డాక కూడా సాగింది. దీని మీద పండితుల మధ్య వాదులాట ఇంకా ఉంది, ఉండనీండి. కరువు వచ్చినా కదలని రాయలసీమ మొండితనం అప్పటిదే అని నేను మా స్నేహితులతో హాస్యానికి అంటుంటాను. మీ క్లాసులో మాత్రం అనకండి, పిల్లలు పరీక్షలో రాసేస్తారు.

ఆ బూడిద లేచిన పొయ్యి ఇప్పుడెట్లా ఉందో చూసి రండి. అదే మీ ప్రయాణం.

పొయ్యి ఇప్పుడు చెరువైపోయింది. టోబా సరస్సు. పేలి లోపల ఖాళీ అయిన కొండ తన మీద తానే కూలి గుంట పడితే, అందులో నీళ్ళు నిండాయి. పొడవు దాదాపు 100 కిలోమీటర్లు, వెడల్పు 30. అంటే కర్నూలులో గట్టు మీద నిలబడితే ఇంచుమించు గుత్తి దాకా నీళ్ళే. లోతు కొన్ని చోట్ల 500 మీటర్లు. శ్రీశైలం డ్యాం ఎత్తు 145 మీటర్లు కదా, అలాంటివి ఒకదాని మీద ఒకటి మూడు నిలబెట్టినా మునిగిపోతాయి. నేను ఆరేళ్ళ కిందట వెళ్ళాను. అనంతపురం మనిషిని, నీళ్ళంటే ట్యాంకరు వెనక బిందెల వరసే నాకు ముందు గుర్తొచ్చేది. కొండ మలుపు తిరగ్గానే కింద ఆ నీలం కనపడితే కారు ఆపించి చాలాసేపు మాట్లాడలేదు. డ్రైవరు నాకు కళ్ళు తిరిగాయనుకుని నీళ్ళ బాటిల్ ఇచ్చాడు.

సరస్సు నడుమ సమోసిర్ అని ఒక దీవి ఉంది. చిన్నదేం కాదు, ఆరొందల చదరపు కిలోమీటర్లకు పైనే. కూలిన నేలే కింద నుంచి మళ్ళీ ఉబికి పైకి లేచి దీవి అయింది. నిజానికి ఒకవైపు సన్నటి నేల సుమత్రాకు అంటుకునే ఉండేది. డచ్చివాళ్ళు వందేళ్ళ కిందట అక్కడ కాలువ తవ్వి దాన్ని పూర్తి దీవి చేశారు. ఆ దీవి మీద మళ్ళీ సిదిహోని అనే చిన్న చెరువు. అంటే సుమత్రా అనే దీవిలో చెరువు, ఆ చెరువులో దీవి, ఆ దీవిలో చెరువు. మీవాడికి ఈ సంగతి చెప్పండి, మండే గొయ్యిని కాసేపు మరిచిపోతాడు.

అక్కడుండే వాళ్ళు బతాక్ జనం. వాళ్ళ పాత ఇళ్ళ కప్పులు రెండు కొసలా పైకి లేచి, పడవలా ఉంటాయి. అంబరీత అనే ఊళ్ళో చెట్టు కింద రాతి కుర్చీలు వేసి ఉన్నాయి, ఒకప్పుడు అక్కడి పెద్దలు కూర్చుని తగువులు తీర్చిన చోటు. మన రచ్చబండే, కాకపోతే తీర్పులు మరీ కఠినం. ఎంత కఠినమో అక్కడి గైడ్లు కళ్ళకు కట్టినట్టు చెప్తారు, భోజనానికి ముందు వినకండి.

నన్ను నిలబెట్టేసింది మాత్రం ఇళ్ళు కాదు, చుట్టరికాలు. ఇద్దరు బతాక్ మనుషులు కొత్తగా కలిస్తే మొదట అడిగేది 'మార్గా' ఏమిటని. అంటే వంశం పేరు. మనం "ఇంటిపేరేంది?" అని అడిగినట్టే. అది తెలిస్తేనే ఎదుటి మనిషిని ఏమని పిలవాలో తెలుస్తుంది. ఒకే మార్గా వాళ్ళు పెళ్ళి చేసుకోకూడదు, అన్నాచెల్లెళ్ళ వరస అవుతుంది. ఇక వాళ్ళ సంప్రదాయంలో అబ్బాయికి అన్నిటికన్నా తగిన సంబంధం ఏదనుకున్నారు? మేనమామ కూతురు! ఆ వరసకు 'పరిబాన్' అని పేరే ఉంది. మీ ఇంటాయనకు మీరు పరిబాన్. ఢిల్లీలోనో లండన్లోనో మీ పెళ్ళి సంగతి చెప్తే ముఖాలు అదోలా పెడతారు. సమోసిర్‌లో ఒక ముసలావిడకు మా ఇంట్లో మేనరికాల సంగతి చెప్తే, నా చేయి పట్టుకుని కాఫీ తాగేదాకా వదల్లేదు. 'హొరాస్' అనండి, వాళ్ళ నమస్కారం అది. తర్వాత పరిబాన్ అని మీ ఇంటాయనను, మిమ్మల్ని చూపించండి. మిగతాది వాళ్ళే చూసుకుంటారు.

భాష గురించి టెన్షన్ పడకండి. హోటళ్ళలో పనికొచ్చేంత ఇంగ్లీషు దొరుకుతుంది. ఇండోనేషియా భాషలోనే మీకు సగం తెలిసిన మాటలు తగులుతాయి, సంస్కృతం నుంచి పోయినవి. భాషను 'బహాసా' అంటారు. పేరు 'నామా'. భూమి 'బూమి'. సింహం 'సింగా'. ఊరు, నగరం 'కోతా', మన కోటే. గండికోట నుంచి వచ్చామని చెప్తే అదేదో పెద్ద పట్నం అనుకోవచ్చు. టీచరును ఏమంటారో తెలుసా? గురు. 'సాయా గురు' అంటే "నేను టీచర్ని". రెండు మాటలు నేర్చుకుంటే మీ పరిచయం అయిపోయినట్టే.

తిండి దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. బతాక్ వాళ్ళలో ఎక్కువమంది క్రైస్తవులు, పంది మాంసం వాళ్ళ విందుల్లో మామూలు. మీరు ఎక్కడ కూర్చున్నా ముందు 'తాన్పా దాగింగ్' అనండి, మాంసం లేకుండా అని. చేప వద్దంటే 'తాన్పా ఇకాన్'. అక్కడ కారప్పచ్చళ్ళలో ఎండు రొయ్యల ముద్ద కలుపుతారు, దాని పేరు 'తెరాసి', అదీ వద్దని చెప్పాలి. గుడ్డు 'తెలుర్'. ఇవి నాలుగూ ఒక కాగితం మీద రాయించుకుని మీ మామ జేబులో పెట్టండి. 'గాడో గాడో' అని ఒకటి ఉంటుంది. ఉడికించిన కూరగాయల మీద శెనక్కాయల పచ్చడి ధారగా పోసి ఇస్తారు. మొదటి ముద్ద తిన్నప్పుడు మా అమ్మ చేసే ఊరుబిండిలో ఎవరో బెల్లం కలిపారనిపించింది. అన్నం ఎక్కడైనా ఉంటుంది. పెరుగు దొరకడం కష్టం. శెనక్కాయ పొడి, చింతకాయ తొక్కు మీ సంచిలో ఎలాగూ ఉంటాయని నాకు తెలుసు, చెప్పక్కర్లేదు. మొదటి రోజు మెదాన్ నగరంలో ఆగండి. 19వ శతాబ్దంలో పొగాకు తోటల్లో పనికని తీసుకుపోయిన తమిళులు అక్కడ స్థిరపడిపోయారు. వాళ్ళ పేటలో ఆ కాలపు మారియమ్మన్ గుడి ఉంది. మీ మామకు అక్కడ దండం పెట్టుకుంటే సగం భయం పోతుంది.

దారి ఇదీ. హైదరాబాదు నుంచి కౌలాలంపూర్‌కి నేరుగా విమానాలున్నాయి, అక్కడి నుంచి మెదాన్‌కి గంట ప్రయాణం. రెండూ ఒకే టికెట్ మీద కొనండి, విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమైనప్పుడు రెండోదానికి జవాబు చెప్పేవాడుండడు. మెదాన్ నుంచి కారులో నాలుగైదు గంటలు పోతే సరస్సు ఒడ్డున పరపాత్ ఊరు. అక్కడి నుంచి ఫెర్రీలో గంట లోపే సమోసిర్ మీద తుక్‌తుక్ అనే ఊరు. రెండు మూడు రాత్రులు తుక్‌తుక్‌లోనే ఉండండి, పరపాత్‌లో వద్దు. నాకు టికెట్లు కట్టిన ఏజెంటు "సార్, సరస్సు మధ్యలోనే రూము" అని పరపాత్‌లో బస్టాండు వెనక వేశాడు. కిటికీ తెరిస్తే డీజిల్ వాసన. సరస్సు కనిపించాలంటే గోడ ఎక్కాలి. మ్యాపులో మీరే చూసి, మీ చేత్తో బుక్ చేసుకోండి.

ఇండోనేషియా వీసా మనవాళ్ళకు దిగాక కూడా ఇస్తారు, ముందే ఆన్‌లైన్లో కూడా కట్టుకోవచ్చు. ఫీజు ఐదు లక్షలు. కంగారు పడకండి, వాళ్ళ రూపియాల్లో. మన డబ్బులో మూడు వేల లోపే. అక్కడ టీ తాగినా వేలల్లోనే లెక్క, రెండో రోజుకు అలవాటైపోతుంది. మలేషియా ప్రస్తుతం మనవాళ్ళను వీసా లేకుండా రానిస్తోంది. ఇవన్నీ మారే నిబంధనలు, టికెట్ కొనే ముందు రోజు రెండు దేశాల ప్రభుత్వ సైట్లలో సరిచూసుకోండి. నలుగురికి వారం రోజులు, ముందుగా బుక్ చేసుకుంటే, నాలుగు లక్షల్లో అయిపోతుంది, కొంత మిగలాలి కూడా.

మోకాళ్ళ సంగతి. సరస్సు దగ్గర ఎక్కాల్సినవి తక్కువ. ఫెర్రీలో కూర్చోవడం, కారులో తిరగడం, ఒడ్డున కుర్చీ వేసుకోవడం. సమోసిర్ అవతలి కొసన పంగురురాన్ దగ్గర వేడినీళ్ళ ఊటలున్నాయి. గంధకం వాసన ముక్కుకు తగులుతుంది గానీ కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే హాయి. కింద ఆ పాత పొయ్యి ఇంకా పూర్తిగా చల్లారలేదని మీవాడికి అక్కడే చెప్పండి. సరస్సు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తులో ఉంది, సాయంత్రాలు చలి వేస్తుంది. మామకు స్వెటరు పెట్టండి. మే నెలలో స్వెటరా అని ఆయన నవ్వుతాడు, పెట్టండి.

ఇప్పుడు మీ ఇంటాయనతో రెండు మాటలు. బెలుం చూసినవాళ్ళు ఇంకో గవి ఎందుకు చూడాలన్నారు. అయ్యా, బెలుం నాకూ ఇష్టమే. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త దాని గురించి రాసిపెట్టాడు, 1982, 83లో గెబౌర్ అనే జర్మన్ వచ్చి లోపలంతా కొలిచాడు, మొత్తం 3,229 మీటర్లు. కానీ మీరన్న లెక్కన గండికోట చూసినవాళ్ళు ఇంకో కోట చూడకూడదు, యాగంటి చూసినవాళ్ళు ఇంకో గుడికి పోకూడదు. వియత్నాంలో ఫోంగ్ న్యా అనే ప్రాంతమంతా మన కొలిమిగుండ్ల లాగే సున్నపురాయి. బెలుం సంగతి పశువులు కాసేవాళ్ళకు ముందే తెలిసినట్టు, అక్కడా అడవిలో తిరిగే మనిషికే ముందు తెలిసింది. 1990 ప్రాంతంలో హో ఖాన్ అనే ఆయన వాన తప్పించుకోవడానికి ఒక బండ చాటున ఆగితే, లోపల నుంచి చల్లటి గాలి, నీళ్ళ హోరు. భయపడి వచ్చేశాడు. మళ్ళీ దారి దొరకడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది. 2009లో బ్రిటిష్ గుహాన్వేషకులను వెంటబెట్టుకుని పోయి చూపించాడు. అదే సన్ డూంగ్, మీవాడి వీడియోలో ఉన్నది. లోపల కొన్ని చోట్ల ఎత్తు 200 మీటర్లు దాటుతుంది. కప్పు కూలిన చోట వెలుతురు పడి గుహలోనే అడవి పెరిగింది. అయితే ఏడాదికి వెయ్యి మందికి అటూ ఇటూగా రానిస్తారు, నాలుగు రోజుల ప్రయాణం, రాత్రిళ్ళు గుహల్లోనే పడక, మనిషికి మూడు వేల డాలర్ల మాట. మీ నలుగురి డబ్బూ మీవాడొక్కడికీ కూడా బొటాబొటిగా సరిపోతుంది.

దాని పక్కనే అదే హో ఖాన్ 2005లో కనిపెట్టిన థియెన్ డువాంగ్ ఉంది, స్వర్గ గుహ అని అర్థం. 31 కిలోమీటర్ల పొడవు. మొదటి కిలోమీటరు చెక్క దారి వేసి మామూలు టికెట్టు మీద చూపిస్తారు. ఐదొందలకు పైగా మెట్లున్నాయి కాబట్టి మీ మామ వద్దు. ఆయనకు ఫోంగ్ న్యా గుహ, నది మీద పడవలో కూర్చుంటే పడవే గుహలోకి పోతుంది. ఇది వచ్చే ఏడాదికి పెట్టుకోండి. రెండు దేశాలు ఒక్క వారంలో కుక్కితే విమానాశ్రయాల్లో నిద్రే మిగులుతుంది.

మీ మామ కోసం ఒకటి చెప్పకపోతే నాకు తోచదు. ఇది ఇప్పుడు పోవడానికి కాదు, రాత్రి అన్నం తిన్నాక ఆయన పక్కన కూర్చుని చెప్పడానికి. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలో ఒక చేను ఉంది. 37 ఎకరాలు. 1906లో హడిల్‌స్టన్ అనే రైతుకు తన పొలంలో వజ్రాలు దొరికాయి. 1972 నుంచి అది ప్రభుత్వ పార్కు. ఎవరైనా టికెట్ కొనుక్కుని, గడ్డపార, జల్లెడ పట్టుకుని దిగొచ్చు. దొరికింది ఏదైనా, ఎంత పెద్దదైనా, దొరికినవాళ్ళదే. అక్కడి సిబ్బందికి చూపిస్తే అది వజ్రమో గాజుపెంకో డబ్బు తీసుకోకుండా చెప్తారు. చేను ఎప్పటికప్పుడు దున్ని పెడతారు. మంచి వాన కురిసి వెలిశాక, ఎండ పడినప్పుడు రాళ్ళు తళుక్కుమంటాయి కాబట్టి అప్పుడే రమ్మంటారు. 1924లో ఆ చోట దొరికిన వజ్రం 40.23 క్యారెట్లు. తుగ్గలి, జొన్నగిరి చేలల్లో తొలకరి పడగానే ఊళ్ళకు ఊళ్ళు దిగి, వంట చెట్ల కింద చేసుకుని, కళ్ళు నేలకు ఆనించి తిరుగుతారే, అదే పని. తేడా ఏమిటంటే అక్కడ దొరికినవాడు ఫోటో దిగి పేపర్లో వేయించుకుంటాడు. మన దగ్గర దొరికినవాడు రాత్రికి రాత్రి ఎంతకో ఒకంతకు అమ్మేసి నోరు మూసుకుంటాడు. ఇది విన్నాక మీ మామ ఏమన్నాడో నాకు తప్పకుండా రాయండి. ఆయనకు దొరికిందా లేదా అన్నది మాత్రం అడగను.

ఒకవేళ ఏదో కారణానికి విదేశం కుదరకపోతే, నా రెండో మాట మేఘాలయ. జూన్‌లో. వాన చూడటానికే పోవాలి. మౌసిన్రామ్‌లో 2022 జూన్ 17న ఒక్క రోజులో 1,003.6 మిల్లీమీటర్ల వాన పడింది. మా అనంతపురానికి ఏడాది మొత్తం సగటు 550 దగ్గర. దాదాపు రెండేళ్ళ వాన వాళ్ళకు ఒక పగలూ రాత్రీ. అక్కడ మర్రికి దగ్గర చుట్టమైన రబ్బరు మర్రి వేళ్ళను వాగు మీదుగా అవతలి గట్టుకు మళ్ళించి, ఏళ్ళ తరబడి పెంచి వంతెనలు చేసుకుంటారు ఖాసీ జనం. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఊడలు చూసినవాళ్ళకు ఆ చెట్టుకు అంత పని చేతనవుతుందని వెంటనే నమ్మకం కుదురుతుంది. నాంగ్రియాట్‌లోని రెండంతస్తుల వంతెనకు మూడు వేలకు పైగా మెట్లు దిగి, మళ్ళీ ఎక్కాలి. మీరు మామతో రివాయ్ ఊరి వంతెనకు పోండి, దారి తేలిక.

అన్నట్టు, టికెట్లు కొనే ముందు ఒక ఆదివారం నలుగురూ జ్వాలాపురం పోయి రండి. పొద్దున్నే బయలుదేరండి, పదింటికల్లా ఎండ ముదురుతుంది. బనగానపల్లెలో ఉగ్గాని బజ్జీ తిని పోతే సరిపోతుంది. నేను పోయినప్పుడు అక్కడ బోర్డు గానీ, టికెట్ కౌంటరు గానీ కనపడలేదు. ఊళ్ళో ఎవరినైనా "బూడిద తవ్విన గుంతలు యాడ?" అని అడగండి, చూపిస్తారు. చేను ఎవరిదో కనుక్కుని, అడిగి దిగండి. గోడలా కోసిన చోట మట్టి పొర, తెల్ల పొర, మళ్ళీ మట్టి పొర స్పష్టంగా కనిపిస్తాయి. మీవాణ్ణి ఆ తెల్ల పొర మీద వేలు పెట్టమనండి.

పిడికెడు బూడిద తీసుకుపోయి టోబా సరస్సులో కలిపి వద్దామని మీకు అనిపిస్తుంది, నాకూ అనిపించింది. వద్దు. తెల్లటి పొడి పొట్లం సంచిలో పెట్టుకుని ఎయిర్‌పోర్టుకు పోతే మీ ప్రయాణం శంషాబాదులోనే ఆగిపోతుంది. ఫోటో తీసుకోండి, చాలు.